ఇంజను పెద్దదైతే గొప్పా?

మనవాళ్ళకి 'పెద్దది' అన్న మాటంటే ఎంత మోజో! ఇద్దరే ఉండే ఇంట్లో బీరువాని మించిన ఫ్రిజ్జు, పదడుగుల గదిలో గోడంత టీవీ, రెండు వాటాల ఇంటి బోరుకి వీధి వీధికంతా నీళ్ళు పోయగల మోటారు. ఈ మోజు చివరికి పిల్లల విమానాల దాకా పాకింది. అదేనండీ, కింద నిలబడి చేతిలోని రేడియో పెట్టెతో నడిపిస్తారే, గాలిలో పల్టీలు కొట్టిస్తారే, ఆ బుల్లి విమానాలు. వాటికి ఎంత పెద్ద ఇంజను బిగిస్తే అంత గొప్ప అనుకునే తండ్రులూ, బాబాయిలూ, మేనమామలూ బోలెడుమంది. వద్దంటే, "ఇంజన్ల సంగతి మీ ఆడవాళ్ళకేం తెలుసు?" అంటారు.

తెలియకేం? గ్లాసుడు బియ్యానికి ఎన్ని నీళ్ళు, ఎంత మంట అని రోజూ లెక్క చూసేవాళ్ళం. అందులోనూ ఉప్పల్, నాచారం వాళ్ళం పారిశ్రామికవాడల పక్కనే కాపురాలు చేసేవాళ్ళం. లేతు మిషన్ల చప్పుడు వింటూ పిల్లల్ని పెంచినవాళ్ళం. చిన్న పిండి గిర్నీకి పెద్ద మోటారు పెడితే పిండి మెత్తగా రాదనీ, బెల్టు తెగుతుందనీ గిర్నీవాడే చెబుతాడు. అతనికి తెలిసిన మాట డిగ్రీలున్న పెద్దమనిషికి తెలియకపోతే ఎలా?

సరే, లెక్కలోకే వద్దాం. ఈ ఇంజన్ల సైజుని ఘనపుటంగుళాల లెక్కన చెబుతారు. పాయింట్ నలభై అంటే సుమారు 6.5 సీసీ, పాయింట్ అరవై అంటే దాదాపు 10 సీసీ. పాయింట్ నలభై ఇంజను కోసం గీసిన విమానం ఒకటి, బరువు రెండు కిలోలు అనుకుందాం. దానికి మన మేనమామగారు ఉత్సాహంగా పాయింట్ అరవై బిగించారు. దాంతోపాటు పెద్ద పంకా, పెద్ద ట్యాంకు. ముక్కు మీద 300 గ్రాములు పెరిగింది. విమానమంటే తక్కెడ లాంటిది. ముక్కు బరువెక్కితే తల వాలుస్తుంది. ఆ బరువు తూకం నిలిచేచోటికి 20 సెంటీమీటర్లు ముందుంటే, 60 సెంటీమీటర్లు వెనకున్న తోకలో 100 గ్రాముల సీసం పెట్టాలి. అంటే మొత్తం 400 గ్రాములు. రెండు కిలోల పిల్ల 2.4 కిలోలైంది. రెక్క మాత్రం అంతే ఉంది!

మోయాల్సింది రెక్కే కదా. ఒక వేగం కన్నా తగ్గితే రెక్క గాలిలో పట్టు వదిలేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు. బరువు ఐదో వంతు పెరిగితే ఆ వేగం దాదాపు 10 శాతం పెరుగుతుంది. అంటే మెల్లగా దిగాల్సిన విమానం పరుగున దిగుతుంది. సుతారంగా తిరగాల్సిన చోట ధబాలున పడుతుంది. పైగా ఆ అదురుకి ఇంజను బిగించిన ప్లైవుడ్ పలక అతుకులు వదులుతుంది.

"పల్టీలకి శక్తి వద్దా?" అంటారు. కావాలి, కాదన్నదెవరు? రెండు కిలోల విమానం నిట్టనిలువుగా లేవాలంటే పంకా రెండు కిలోలకి మించి లాగాలి. అది లాగే ఇంజను చాలు. ఆ పైన పెట్టేదంతా మోత బరువే. "పెద్దది పెట్టుకుని సగం జోరులో నడుపుతాంలే" అనే జవాబు కూడా విన్నాను. జోరు తగ్గిస్తే లాగుడు తగ్గుతుంది గాని, బరువు తగ్గుతుందా? ప్రపంచ స్థాయి పల్టీల పోటీల్లో విమానం పొడవు, రెక్కల వెడల్పు రెండేసి మీటర్లు మించకూడదు, ఇంధనం కాక బరువు ఐదు కిలోలు మించకూడదు. అక్కడ గెలిచేవాళ్ళు గ్రాములు తగ్గించుకునేందుకే తల బద్దలు కొట్టుకుంటారు.

ఈ మోజు ప్రాణం తీసిన కథ ఒకటుంది. అది బొమ్మ విమానం కాదు, నిజం విమానం. ఫ్లోరెన్స్ క్లింగెన్‌స్మిత్ అనే అమెరికా అమ్మాయి 1931లో ఒక్క ఊపున 1,078 లూపులు కొట్టిన ధీర. 1933 సెప్టెంబరులో షికాగో రేసులో మగవాళ్ళతో పాటు పోటీ చేసింది. ఆమె నడిపిన జీ బీ విమానానికి, తయారైనప్పుడు ఉన్న ఇంజను తీసేసి, రెట్టింపుకి మించిన శక్తి గలది పెట్టారు. రేసు మధ్యలో రెక్క మీది గుడ్డ ఊడిపోయింది. విమానం కూలి ఆమె చనిపోయింది.

తప్పెవరి మీద వేశారనుకున్నారు? ఇంజను మీద కాదు. మరుసటి ఏడు బెండిక్స్ రేసుకి ఆడవాళ్ళనే రానివ్వలేదు! 1936లో అదే బెండిక్స్‌ని లూయీజ్ థేడెన్, బ్లాంచ్ నోయెస్ అనే ఇద్దరు స్త్రీలు గెలిచారు. అదీ రేసు కోసం చేసిన విమానంలో కాదు, కంపెనీ నలుగురికీ అమ్మే బీచ్‌క్రాఫ్ట్‌లో. ఇంజనూ రెక్కా ఒకదానికొకటి తగ్గట్టున్న విమానం అది. ఇక ఆడవాళ్ళకి ఇంజన్ల గురించి తెలీదనే పెద్దమనిషి ఏమంటారో!

నేను ఈ ఆట మానమనడం లేదు. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్పుతారు, అమ్మాయిలకి కూడా. బాల్సా చెక్క కోసి, గ్రాములు తూచి, ఓపికగా అతికించే పిల్లకి వచ్చే బుద్ధి ఏ ట్యూషన్‌లోనూ రాదు. కాని నిమిషానికి పదివేల చుట్లు తిరిగే పంకా వేళ్ళు తెగ్గొడుతుంది. వేగం రెట్టింపైతే తగిలే దెబ్బ నాలుగింతలు. మేడకి మేడ ఆనుకుని, నెత్తి మీద మెట్రో పోయే ఉప్పల్‌లో అదుపు తప్పిన విమానం పడేది ఎవరి ఇంటి మీదో, ఎవరి బిడ్డ మీదో. ఎక్కడ ఎగరేయవచ్చో, ఎక్కడ కూడదో తెలిపే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల మ్యాపు ప్రభుత్వమే పెట్టింది. అది చూసి, ఊరి బయటి ఖాళీ నేలకే తీసుకెళ్ళాలి.

కనుక అమ్మలారా, ఇంట్లోకి పెద్ద ఇంజను డబ్బా వస్తే మురిసిపోకండి. మూడు ప్రశ్నలు వేయండి. విమానం చేసినవాళ్ళు ఎంత ఇంజను పెట్టమన్నారు? ఇది పెట్టాక మొత్తం బరువెంత, తూకం ఎక్కడ నిలిచింది? ఎక్కడ ఎగరేస్తారు? బ్యాటరీ విమానమైనా ఇవే ప్రశ్నలు, పెద్ద మోటారూ పెద్ద బ్యాటరీ చేసేదీ ఇదే నిర్వాకం. జవాబు రాకపోతే డబ్బా దుకాణానికి తిరిగి పంపేయండి. ఇంజను సరిపోవలసింది విమానం రెక్కకి, కొన్నాయన మీసానికి కాదు.