ఆడుకునే వయసులో అమ్మతనమా?

ఏటా వేసవిలో తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో రెండు రకాల వార్తలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, పదో తరగతి ఫలితాల్లో బాలికలదే పైచేయి అన్న వార్త. రెండోది, ఫలానా మండలంలో బాల్యవివాహాన్ని అధికారులు అడ్డుకున్నారన్న వార్త. మొదటిది చదివి సంతోషిస్తాం. రెండోది చదివి నిట్టూర్చి పేజీ తిప్పేస్తాం. అయితే అడ్డుకున్న పెళ్లి మాత్రమే పత్రికకెక్కుతుంది. ఎవరూ అడ్డుకోని పెళ్లి ఏడాది తిరిగేసరికి ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డుకు చేరుతుంది. అక్కడ మంచం మీద ఉన్నది తల్లా, బిడ్డా అని పోల్చుకోలేనంత చిన్నపిల్ల ఉంటుంది.

ఇదేదో ఎక్కడో బీహారులోనో, రాజస్థాన్‌లోనో జరిగే సంగతి అనుకుంటే పొరపాటే. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు కలిపి 6.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 12.6 శాతం! అంటే దేశ సగటుకు దాదాపు రెట్టింపు. అంతకుముందు 2015-16 సర్వేతో పోలిస్తే దేశం మొత్తం మీద ఈ సంఖ్య తగ్గితే, ఆంధ్రప్రదేశ్‌లో తగ్గకపోగా కొంచెం పెరిగింది. తెలంగాణలో 5.8 శాతమే కదా అని తృప్తిపడదామా? అక్కడ కూడా 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివారు 29.3 శాతం. పైగా ఆంధ్రప్రదేశ్‌లో ఆ సర్వే జరిగింది 2019లో, అంటే కొవిడ్‌కు ముందు. బడులు మూతపడి, పనులు పోయి, ఆడపిల్ల బాధ్యత త్వరగా దించుకుందామని తల్లిదండ్రులు తొందరపడిన రోజులు ఆ అంకెల్లో లేవు.

చిన్నవయసు గర్భం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ప్రేమ పేరుతో మోసపోయిన అమ్మాయి, సెల్‌ఫోన్, సినిమాలు. పెళ్లికాని పిల్ల గర్భవతి అయితే ఊరంతా గగ్గోలు పెడుతుంది. అదే వయసు పిల్ల మెడలో పసుపు తాడు ఉంటే అదే ఊరు సీమంతం చేస్తుంది! మన దేశంలో ఇరవై ఏళ్లలోపు తల్లులవుతున్నవారిలో అత్యధికులు పెళ్లయినవారే. తాళి ఉందో లేదో చూసి గర్భసంచి తన పనితీరు మార్చుకోదు. పదహారేళ్ల శరీరం పదహారేళ్ల శరీరమే. కాబట్టి నీతి గురించి మాట్లాడే ముందు మనం శరీరం గురించి మాట్లాడుకోవాలి.

ఆ వయసులో ఆడపిల్ల ఇంకా ఎదుగుతూ ఉంటుంది. పెద్దమనిషి అయినంత మాత్రాన బిడ్డను మోయడానికి సిద్ధమైనట్టు కాదు. కటి ఎముకలు పూర్తిగా ఎదగకపోతే బిడ్డ తల బయటికి రావడం కష్టమై కాన్పు గంటల తరబడి ఆగిపోతుంది. సకాలంలో ఆపరేషన్ అందకపోతే తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు. ప్రాణం దక్కినా, మూత్రాశయానికి చిల్లుపడి జీవితాంతం మూత్రం కారే దుస్థితి కొందరికి మిగులుతుంది. పెద్దవాళ్లు గుర్రపువాతం అని పిలిచే ఫిట్స్, కాన్పు తర్వాత సోకే ఇన్ఫెక్షన్లు 20-24 ఏళ్ల తల్లులతో పోలిస్తే చిన్నవయసు తల్లుల్లో ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారికి పుట్టే బిడ్డలు నెలలు నిండకుండా పుట్టడం, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టడం కూడా ఎక్కువే.

దీనికి తోడు రక్తహీనత. దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని అదే సర్వే తేల్చింది. తనకే చాలని రక్తాన్ని ఆ పిల్ల కడుపులో బిడ్డతో పంచుకోవాలి. ఎదిగే శరీరం, ఎదిగే పిండం ఒకే పళ్లెంలో అన్నం కోసం పోటీపడతాయి. చివరికి ఇద్దరూ అర్ధాకలితోనే మిగులుతారు. అలా తక్కువ బరువుతో పుట్టిన ఆడబిడ్డ బలహీనంగా పెరిగి, ఆమెకూ పదహారో ఏటనే పెళ్లి చేస్తే మూడో తరానికీ అదే వారసత్వం. ఆస్తి పంచలేని తల్లిదండ్రులు రక్తహీనతను పంచుతున్నారంటే అతిశయోక్తి కాదు.

మన రాష్ట్రాల్లో ఈ కథకు మరో అధ్యాయం ఉంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. పదిహేడో ఏట తొలి కాన్పు, ఏడాదిన్నర తిరక్కుండా రెండోది, ఇరవై రెండు దాటకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అన్నది ఎన్నో పల్లెల్లో మామూలు క్రమం. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆ తర్వాత నడుము నొప్పి, తెల్లబట్ట అంటూ ఆసుపత్రికి వెళితే ‘ఇక పిల్లలు అక్కర్లేదుగా’ అని గర్భసంచే తీయించుకోవడం. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ ముందున్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి ముందే ఆగిపోయి, ఎముకలు బలహీనపడి, ముప్పై అయిదేళ్లకే ముసలితనం మీదపడుతుంది. పట్నంలో ఆమె ఈడు అమ్మాయి అప్పుడప్పుడే జీవితం మొదలుపెడుతున్న వేళ, ఈమె శరీరం అన్నీ ముగించుకుని కూర్చుంటుంది. ఇది ఎంత విషాదం!

మరి తల్లిదండ్రులకు బిడ్డ మీద ప్రేమ లేకనా ఇలా చేస్తున్నారు? కాదు. చాలా ఇళ్లలో ఈ పెళ్లి వెనక ఉన్నది ప్రేమ, భయం కలగలిసిన ఆలోచనే. ఊళ్లో పదో తరగతి వరకే బడి ఉంది. జూనియర్ కాలేజీకి మండల కేంద్రానికో, పట్టణానికో వెళ్లాలి. బస్సు లేదు, ఆటోలో పంపాలంటే భయం. తల్లిదండ్రులు పనికోసం బెంగళూరుకో, ముంబైకో వలస వెళితే వయసొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదలాలి? చదువు పెరిగితే తగ్గ వరుణ్ని తేవాలి, కట్నం పెరుగుతుంది. మేనమామ కొడుకు సిద్ధంగా ఉన్నాడు, కట్నం లేకుండా చేసుకుంటానంటున్నాడు. పైగా ‘ఎవడితోనైనా వెళ్లిపోతే మన పరువేం కావాలి?’ అన్న బెంగ. అంటే పెళ్లి ఇక్కడ వేడుక కాదు, పిల్లకు కల్పించిన ‘భద్రత’. ఆ భద్రతలో పిల్ల ప్రాణానికే భద్రత లేదని వారికి ఎవరూ విడమరచి చెప్పలేదు.

చట్టం మాత్రం ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. 1889లో బెంగాల్‌లో ఫూల్‌మణి అనే పదేళ్లు దాటీదాటని భార్య భర్త చేతిలో ప్రాణాలు కోల్పోతే దేశం ఉలిక్కిపడింది. ఆ తర్వాతే 1891లో సమ్మతి వయసును పది నుంచి పన్నెండుకు పెంచారు. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును 14 ఏళ్లుగా నిర్ణయించింది. 1949లో అది 15 అయింది, 1978లో 18 అయింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఇంకా ముందుకెళ్లింది. ఆ పెళ్లి చేసినవారికి, చేయించినవారికి, ప్రోత్సహించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. చిన్నతనంలో పెళ్లయిన అమ్మాయి మేజరైన రెండేళ్లలోపు కోర్టుకెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. అలా రద్దయినా ఆమెకు పుట్టిన బిడ్డ చట్టబద్ధ సంతానమే. ఈ సంగతి ఎంతమంది ఆడపిల్లలకు తెలుసు? పద్దెనిమిదేళ్లు నిండని భార్యతో భర్త సంసారం చేసినా అది అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా అదే చెబుతోంది.

అయితే చట్టానికి ఉన్న పదును ఒక్కోసారి కాపాడాల్సిన పిల్లకే గుచ్చుకుంటోంది. పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయి గర్భంతో వస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వాలి. ఈ భయంతో కుటుంబాలు ఆసుపత్రి గడపే తొక్కకుండా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల షాపులో బిళ్లల కోసమో వెళుతున్నాయి. విపరీతంగా రక్తస్రావమై ప్రాణం మీదికి వచ్చాక పరుగెడుతున్నాయి. ఈ చిక్కును గమనించే 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, గర్భస్రావం కోసం వచ్చిన మైనరు బాలిక, ఆమె సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో బాలిక పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని వైద్యులకు చెప్పింది. గర్భస్రావం గురించి విశ్వాసుల్లో బలమైన అభిప్రాయాలున్నాయి. ఆ చర్చ అలా ఉంచినా, భయపడి ఆసుపత్రికి దూరమైన బాలిక చనిపోతే రెండు ప్రాణాలూ పోతాయన్న విషయంలో భేదాభిప్రాయానికి తావులేదు.

ఇక మన సంఘాల సంగతి. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. దాని 60వ సెక్షను ప్రకారం వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలి. బాల్యవివాహ నిషేధ చట్టం అన్ని మతాలకూ వర్తిస్తుంది. పెళ్లి జరిపించే పాస్టరు కూడా ఆ చట్టం దృష్టిలో బాధ్యుడే. ‘ఆధార్ కార్డులో పద్దెనిమిది ఉంది కదా’ అంటే చాలదు. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పదో తరగతి సర్టిఫికెట్టో, బడి రికార్డో, జనన ధ్రువీకరణ పత్రమో చూడాలి. చర్చిలో పెళ్లి ప్రకటనలు చదవడం అనే ఆచారం ఎందుకు వచ్చింది? అభ్యంతరం ఉన్నవారు లేచి చెప్పాలనే కదా! వధువు వయసు చాలదని తెలిసీ వంద మంది నిశ్శబ్దంగా కూర్చుంటే ఆ ప్రకటనకు అర్థమేముంది?

‘కన్య మరియమ్మ కూడా చిన్నవయసులోనే తల్లి అయింది కదా’ అని వాదించేవారు అక్కడక్కడా ఉన్నారు. నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆమె వయసు లేదు. లేని అంకెను తెచ్చి ఇవాళ్టి పిల్ల మెడకు తాడు కట్టడం న్యాయం కాదు.

నిజానికి మన దేశంలో క్రైస్తవ వైద్యసేవ చరిత్రలో ఒక ముఖ్య అధ్యాయం ఈ కన్నీటిలోంచే మొదలైంది. 1890ల తొలినాళ్లలో తమిళనాట తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు యువతులు కాన్పు కష్టమై చనిపోయారు. వారిలో ఒకరికి పద్నాలుగేళ్లు. మగ వైద్యుడు ముట్టుకోకూడదన్న కట్టుబాటే వారిని చంపింది. ఆ రాత్రిని కళ్లారా చూసిన ఐడా స్కడర్ అనే అమెరికన్ యువతి డాక్టరు చదివి వచ్చి, 1900లో వెల్లూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. చిత్తూరు నుంచి, రాయలసీమ నలుమూలల నుంచి ఇవాళ తెలుగువారు వెళుతున్న వెల్లూరు సీఎంసీ అలా పుట్టిందే. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల వైద్యానికే జీవితం ధారపోసింది. చిన్నపిల్లలు కాన్పులో చనిపోవడాన్ని వారు దైవచిత్తం అని సరిపెట్టుకోలేదు. మరి వారి పేరు చెప్పుకునే సంఘాలు ఎందుకు సరిపెట్టుకోవాలి?

చేయగలిగింది చాలా ఉంది. అన్నిటికన్నా గట్టి కవచం చదువు. పదో తరగతి దాటించి ఇంటర్ పూర్తి చేయిస్తే పెళ్లి దానంతట అదే రెండేళ్లు వెనక్కి జరుగుతుంది. కాలేజీకి ఆటో ఖర్చు, హాస్టల్ ఫీజు సంఘం భరిస్తే, కొత్త మైకుసెట్టు కన్నా అదే గొప్ప కానుక. కస్తూర్బా విద్యాలయాల సంగతి తల్లిదండ్రులకు చెబుదాం. బడిలోనూ, బడి మానేసిన పిల్లలకు అంగన్‌వాడీలోనూ వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర పిల్ల నిజంగా మింగుతోందో లేదో తల్లి చూడాలి. స్త్రీల కూటాల్లో, యవ్వనస్థుల కూటాల్లో ఆశా కార్యకర్తనో, నర్సునో పిలిచి అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ శరీరం గురించి సూటిగా చెప్పిద్దాం. పెళ్లి కుదిరిందని తెలిస్తే 1098కి ఫోను చేద్దాం. అప్పటికే పెళ్లయిపోయి ఉంటే తొలి గర్భం ఆలస్యం చేసుకునేలా అత్తింటివారికి నచ్చజెపుదాం. గర్భం వచ్చేసి ఉంటే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే గర్భిణుల పరీక్షలకు తీసుకెళదాం. కాన్పు ఇంట్లో కాదు, ఆపరేషన్ సదుపాయం ఉన్నచోటే జరగాలి.

ఇక పెళ్లికాకుండా గర్భవతి అయిన బాలిక విషయం. ఆమెను సంఘం నుంచి వెలివేస్తే ఆమె వెళ్లేది నూతి దగ్గరికో, నాటువైద్యుడి దగ్గరికో. అందరి చూపులకూ భయపడి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బావికొచ్చిన సమరయ స్త్రీతో ప్రభువు కూర్చుని మాట్లాడాడే గానీ ఆమెను తరిమేయలేదు. ముందు ఆ పిల్ల బతకాలి. తర్వాత మళ్లీ బడికి వెళ్లాలి. మిగతా మాటలు ఆ తర్వాత.

వచ్చే వేసవిలోనూ పదో తరగతి ఫలితాలు వస్తాయి. పాసైన పిల్లల పేర్లు చదివి సంఘాల్లో చప్పట్లు కొడతాం. ఆ పేర్లను ఒక కాగితం మీద రాసి ఉంచుకుందాం. జూన్‌లో కాలేజీలు తెరిచాక ఆ పిల్లల్లో ఎవరెవరు చేరారో, ఎవరు చేరలేదో, చేరనివారు ఎక్కడున్నారో వారి ఇళ్లకు వెళ్లి అడుగుదాం.