పాత గోడలకు పెట్టే డబ్బు దండగ కాదు

బెజవాడ బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం మరమ్మతుల ప్రస్తావన వస్తే చాలు, చదువుకున్నవాళ్ల నోట కూడా ఒకటే మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో నానిన ఊళ్లో, ఎప్పుడో విక్టోరియా రాణి పేరిట కట్టిన భవనానికి ప్రజల సొమ్ము పొయ్యడమేమిటని!

మునిగినవాళ్ల కష్టం చిన్నది కాదు. అయితే బుడమేరుకు గండ్లు పడింది మ్యూజియం గోడకు సున్నం వేసినందుకు కాదు. ఆక్రమణలను చూసీచూడనట్టు వదిలేసి, గట్లను పట్టించుకోనందుకు. మరమ్మతు వాయిదా వేస్తే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ సాక్ష్యాన్నే మరమ్మతుకు వ్యతిరేకంగా వాడుకోవడం అన్యాయం.

ఈ భవనానికి 1887 జూన్ 27న శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్. దానికి పదేళ్ల ముందు అమరావతి స్తూపం దిబ్బను తవ్వించినవాడూ ఆయనే. అమరావతికి అప్పటికే ఏం జరిగిందో తలచుకుంటే కడుపు మండుతుంది. చెక్కిన ఫలకాలు కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. ఇవాళ అవి చూడాలంటే మన పిల్లలు బ్రిటిష్ మ్యూజియానికో, చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియానికో పోవాలి. పట్టుకుపోయినది దొరలే, ఆ తప్పు వాళ్లదే. కానీ వాటిని దాచుకోవడానికి ఇక్కడ ఒక గట్టి కప్పు కూడా లేకపోయింది. అల్లూరులో దొరికిన నిలువెత్తు సున్నపురాతి బుద్ధుడు ఇవాళ బెజవాడలోనే ఉన్నాడంటే, ఆ కప్పు తర్వాత ఏర్పడింది కనుకనే.

రాణి పేరు అడ్డమా? మన డెల్టా కాలువలు తవ్వించిందీ ఆ దొరతనమే. పరాయివని వాటిని ఎవరూ పూడ్చలేదు. నీళ్లు కట్టేసిన ఎండాకాలంలో ప్రభుత్వ ఖర్చుతోనే పూడిక తీయిస్తాం. కృష్ణ మీది ఆనకట్ట పాతబడితే 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టుకున్నాం. కాలువకు ఒప్పుకున్న న్యాయం మ్యూజియానికి ఎందుకు చెల్లదు?

అసలు దండగ ఎక్కడుందో చెబుతాను. ఏళ్ల తరబడి తలుపులు మూసేసి, గోడలు పాడయ్యాక కోట్లు పెట్టి ఒక్కసారే బాగుచేయించి, 2020 అక్టోబరులో బాపు మ్యూజియంగా తెరిచాం. ఆ ఖర్చు అవసరమైనదే, దాన్ని తప్పుపట్టను. అంతటితో పని అయిపోయిందనుకోవడమే తప్పు. కృష్ణ ఒడ్డు ఊరు, గాలినిండా తేమ. గానుగ సున్నంతో కట్టిన పాత గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచిపోయి, ఉప్పు పొంగి, పెచ్చులు ఊడతాయి. అందుకని సున్నం పని తెలిసిన మేస్త్రీలు కావాలి, వానాకాలానికి ముందే కప్పు చూడాలి, తూములు శుభ్రం చేయాలి. రిబ్బను కత్తిరించే అవకాశం లేని పనులివి. అందుకే ఎవరికీ పట్టవు.

పురావస్తు శాఖ బడ్జెట్‌లో ఈ ఒక్క భవనానికి ఏటా ఇంత అని విడిగా రాసి, ఎంత ఖర్చయిందో మ్యూజియం గేటు దగ్గరే బోర్డు మీద పెట్టమని అడుగుదాం. వచ్చే వానాకాలం లోపే అడుగుదాం.