సుబ్బారావు... పది ప్రశ్నార్థకాలు!

ఆన్‌లైన్ దరఖాస్తులో ‘సుబ్బారావు’ అని శుభ్రంగా తెలుగులో టైపు చేశారు. తెరమీద అక్షరాలు చక్కగానే కనిపించాయి. తీరా ప్రింటు చూస్తే... పేరుండాల్సిన చోట వరసగా పది ప్రశ్నార్థకాలు! ‘ఫాంటు లేదేమోలే’ అని సర్దిచెప్పుకుంటారు చాలామంది. ఫాంటు లేకపోతే వచ్చేవి ఖాళీ డబ్బాలండీ. ప్రశ్నార్థకాలు వచ్చాయంటే ఆ పేరు దారిలో ఎక్కడో పోయినట్టే.

ఇంతకీ కంప్యూటరుకు అక్షరాలు రావు. వచ్చినవి అంకెలే. 1963లో అమెరికాలో ఖరారైన ‘ఆస్కీ’ పట్టికలో ఉన్నవి 128 స్థానాలే. చివరికి ఇంగ్లిష్ ‘ఎ’కు 65వ నంబరు స్థిరపడింది కానీ మన ‘అ’కు చోటే లేదు. 1991లో యూనికోడ్ తొలి వెర్షన్ వచ్చాక తెలుగుకూ సొంతంగా 128 గళ్లు కేటాయించారు. అందులో ‘అ’ నంబరు 3077. అంత సంఖ్య ఒక్క బైటులో పట్టదు కాబట్టి యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాన్ని 224, 176, 133 అని మూడు బైట్లుగా దాస్తారు. (1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లు అమెరికాలోని న్యూజెర్సీలో ఓ హోటల్లో భోజనానికి కూర్చుని, కంచం కింద వేసే కాగితం మీద గీసిన పద్ధతి ఇది!)

‘సుబ్బారావు’లో మనకు కనిపించేవి నాలుగు అక్షరాలు. యంత్రం మాత్రం గుణింతాలనూ ఒత్తునూ విడదీసి పది లెక్కపెడుతుంది. బైట్లయితే 30. ఇంగ్లిష్ పేర్లు చూసి ‘20 బైట్లు చాల్లే’ అని కత్తిరించే ప్రోగ్రాము చేతిలో పడితే ఆయన ‘సుబ్బా’గానే మిగులుతాడు, తెగిన ‘ర’ ముక్కతో సహా.

అసలు చిక్కు సర్వర్‌లో ఉంటుంది. అక్కడ ‘లొకేల్’ అని ఒక సెట్టింగు. ఏ భాష, ఏ ప్రాంతం, తేదీ ఎలా రాయాలి, పది లక్షలకు 10,00,000 అని కామాలు పెట్టాలా 1,000,000 అనా, అక్షరాలకు ఏ పట్టిక వాడాలి... అన్నీ చెప్పేది అదే. ఎవరూ ఏమీ చెప్పకపోతే లినక్స్ సర్వర్లలో ప్రోగ్రాములు ‘సి’ అనే పాతకాలపు లొకేల్‌తో మొదలవుతాయి. అంటే మళ్లీ ఆస్కీ రోజులే! జావా భాషలో రాసిన పాత ప్రోగ్రాములు ఈ లొకేల్‌ను చూసే పట్టికను ఎంచుకునేవి. పట్టికలో లేని అక్షరం ఎదురైతే దాని బదులు 63వ నంబరు, అంటే ప్రశ్నార్థకం, రాసేసి ముందుకెళ్లిపోయేవి. కనీసం తప్పు జరిగిందని కూడా చెప్పేవి కావు. 2022లో వచ్చిన జావా 18 నుంచి సర్వర్ ఏమన్నా సరే యూటీఎఫ్-8నే వాడేలా మార్చారు. అంతకుముందు వెర్షన్ల మీద నడిచేవాటికి ఆ రక్షణ లేదు.

మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలుంటే అడిగి చూడండి. పగలు తను దగ్గరుండి నడిపితే ప్రోగ్రాము బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే ప్రోగ్రాము అర్ధరాత్రి ‘క్రాన్’ ద్వారా దానంతటదే నడిస్తే పొద్దున్నకల్లా ప్రశ్నార్థకాలు. దెయ్యమేం కాదు... ప్రోగ్రామరు లాగిన్‌లో ఉన్న లొకేల్, క్రాన్‌కు అందదు. దానికి విడిగా చెప్పాలి. ఈ ఒక్క వరస మరచిపోయి రాత్రుళ్లు జాగారం చేసినవాళ్లు ఎందరో!

కొన్నిసార్లు ప్రశ్నార్థకాలు కాకుండా పిచ్చిగీతలు వస్తాయి. తలమీద ఏటవాలు గీతతో ఇంగ్లిష్ ‘ఎ’, పక్కనే డిగ్రీల సున్నా, మళ్లీ అదే ‘ఎ’... చూడ్డానికి భయంకరంగా ఉన్నా నిజానికి అది శుభవార్తే. బైట్లన్నీ భద్రంగా ఉన్నాయి, చదివేవాళ్లు పట్టిక తప్పు తీశారంతే. సరైన పట్టిక చూపిస్తే చాలావరకు పేరు తిరిగొస్తుంది. తొందరపడి ఆ గీతల్నే సరిచేసి సేవ్ చేయకూడదు.

ప్రశ్నార్థకాలకు మాత్రం ఆ అవకాశం లేదు. ‘వెంకట్రావు’ను యంత్రం లెక్కన విడదీసినా పదే వస్తాయి. ఇద్దరి పేర్లూ పోయాక జాబితాలో సుబ్బారావెవరో, వెంకట్రావెవరో ఏ నిపుణుడూ చెప్పలేడు. పాత బ్యాకప్ ఉంటే అందులో వెతకాలి. లేదంటే దరఖాస్తుదారులను మళ్లీ పిలిచి పేరు అడగాలి.