పత్తి తీసిన చేతికి అవార్డు ఏదీ?

పత్తి తీత మొదలైతే పల్నాడులో తెల్లారకముందే ఎస్సీ కాలనీల ముందు ఆటోలు ఆగుతాయి. నరసరావుపేట నుంచి గురజాల, మాచర్ల దాకా పత్తి, మిర్చి ప్రధాన పంటలు. పత్తి తీసేదీ, మిరపకాయలు కోసేదీ ఎక్కువగా దళిత, గిరిజన, బీసీ కులాల ఆడవాళ్లే. నడుముకు ఒడి కట్టుకుని, పత్తికాయ పెంకులు గీరుకుపోతున్నా వంగి తీస్తూనే ఉంటారు. తీత కూలి చాలాచోట్ల సాయంత్రం కాటా మీద తూగిన కిలోలను బట్టే. అక్కడి నుంచి పత్తి జిన్నింగ్ మిల్లుకు, నూలు మిల్లుకు, మగ్గానికి, షోరూముకు పోతుంది. కొంత ర్యాంపు దాకా కూడా పోతుంది. ఈ దారిలో ఎక్కడో ఒకచోట శాలువా, జ్ఞాపిక, చప్పట్లు ఉంటాయి. అవి ఎవరి దగ్గర ఆగుతున్నాయన్నదే ఇక్కడ ప్రశ్న.

అట్రాసిటీ కేసులు, భూమి, స్కాలర్‌షిప్పులు ఇన్ని సమస్యలుండగా ఫ్యాషన్ అవార్డులతో మనకేం పని అని కొందరు మిత్రులు అడుగుతారు. బట్ట మనకు ఎప్పుడూ చిన్న విషయం కాదు. ఏ కులం ఎంత బట్ట కట్టాలో, ఎలా కట్టాలో ఊరే నిర్ణయించిన దేశం ఇది. 1927 డిసెంబరులో మహాడ్‌లో అంబేద్కర్ మహిళలతో మాట్లాడుతూ, చూడగానే అంటరానివారని గుర్తుపట్టించే చీరకట్టును, నగలను వదిలేయమన్నారు. బట్ట కట్టడం ఆత్మగౌరవ ప్రశ్న అయినప్పుడు, బట్ట తయారుచేసిన వాళ్లకు పేరు దక్కడం కూడా ఆత్మగౌరవ ప్రశ్నే.

అవార్డులు ఉత్త అలంకారం అని కొట్టిపారేయడం తేలికే. కానీ మనలాంటి చిన్న రంగంలో వాటికి నిజమైన విలువ ఉంది. పారిస్, మిలాన్‌లలో ఉన్నట్టు పెద్ద ఫ్యాషన్ సంస్థలు, పత్రికలు, పెట్టుబడిదారులు తెలుగు నేలమీద లేరు. ఒక నేతగాడి పనితనం ఢిల్లీలో కొనేవాళ్లకు తెలియడానికి ఉన్న దారులు చాలా తక్కువ. అందులో అవార్డు ఒకటి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సంత్ కబీర్ చేనేత పురస్కారం కింద 3.5 లక్షల రూపాయలు, జాతీయ చేనేత పురస్కారం కింద 2 లక్షల రూపాయలు ఇస్తున్నారు. డబ్బుకన్నా దాని వెంట వచ్చే పేరు పెద్దది. ఎగ్జిబిషన్‌లో స్టాలు, అధికారి గదిలో కుర్చీ, ధర చెప్పే ధైర్యం ఆ పేరుతోనే వస్తాయి. గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఇక్కత్ నేతకూ గౌరవం పెరిగింది.

ఆ గౌరవం రంగంలో అందరికీ పంచుకునేంత ఉందా? 2019-20 నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత మీద ఆధారపడినవారు 35.22 లక్షల మంది. వారిలో దాదాపు 72 శాతం మహిళలు. మూడింట రెండు వంతుల కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే. నూలు చుట్టడం, ఆసు పోయడం, గంజి పెట్టడం, రంగు అద్దడం వంటి పనులు చేసే అనుబంధ కార్మికులు ఈ లెక్కలో 8 లక్షలకు పైగా ఉన్నారు. పోటీకి వెళ్లేది మగ్గం దిగిన చీర. దాని వెనకున్న ఈ చేతులకు ప్రశంసాపత్రంలో చోటుండదు.

మగ్గం లేకపోతే మనిషే లేనట్టు చూడటం సంక్షేమ పథకాల్లోనూ ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నేతన్న నేస్తం కింద సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు. షెడ్డులో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసేవారు, ఇంట్లో కండెలు చుట్టే ఆడవాళ్లు ఆ గీత బయటే ఉండిపోయారు.

డిజైనర్ల వైపు చూస్తే దూరం ఇంకా పెద్దది. 'మహానటి' సినిమాకు 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ కాస్ట్యూమ్ డిజైన్ అవార్డు వచ్చింది. హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా సహా ముగ్గురు దాన్ని అందుకున్నారు. వాళ్ల పనిని తక్కువ చేయనక్కర్లేదు. ఆ సినిమా కోసం పాత చీరలను మళ్లీ మగ్గం మీద నేయించారు. ఆ మగ్గాల మీద కూర్చున్నవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఇక మన వాడల సంగతి. నేత అనగానే పద్మశాలి, దేవాంగ కులాలే గుర్తొస్తాయి. ప్రభుత్వ ఎస్సీ కులాల జాబితాలోనే 'మాల సాలె, నేతకాని' అని ఒక పేరుంది. కులం పేరులోనే నేత ఉంది. తెలుగు ప్రాంతంలో మాలలు ముతక నూలు బట్ట నేసేవారని వలస పాలన నాటి రికార్డులు చెబుతాయి. కూలి జనం కట్టుకున్నది ఆ ముతక బట్టే. మిల్లు బట్ట దాన్ని మింగేసింది. జరీ, పట్టు, సన్ననూలు బట్టలకు గుడులు, పెళ్లిళ్లు, సంపన్నులు అండగా నిలిచారు. ముతక బట్టకు అండ లేకుండా పోయింది. ఇవాళ అవార్డు కమిటీలు సన్నదనాన్ని, జరీని, బుటాల పనితనాన్ని కొలుస్తున్నాయి. అంటే పోటీ మొదలుకాకముందే ఒక కులం నేత ఓడిపోయి ఉంది. అంబేద్కర్ తన గురువుల్లో ఒకరిగా చెప్పుకున్న కబీరు పేరిట ఇచ్చే పురస్కారం ఈ చరిత్రను పట్టించుకోకపోవడం మరీ బాధాకరం.

తోలు పని గతి కూడా అంతే. 2025 జూన్‌లో ఇటలీ సంస్థ ప్రాడా మిలాన్ ర్యాంపు మీద కొల్హాపురి చెప్పుల్లాంటివే చూపించింది. మొదట ఆ చెప్పులు ఎక్కడివో చెప్పలేదు. దేశంలో గోల మొదలయ్యాక, వాటికి స్ఫూర్తి భారతీయ చేతివృత్తి చెప్పులేనని ఒప్పుకుంది. ఆ మాట ఒప్పించింది కేవలం కోపం కాదు. 2019లో కొల్హాపురి చెప్పులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటకల తోలు పరిశ్రమల కార్పొరేషన్ల పేర్ల మీద ఆ కాగితం ఉంది. ఆ చెప్పులు కుట్టేవాళ్లలో అత్యధికులు దళితులే. నిలదీయడానికి చేతిలో ఒక పత్రం ఉంది కాబట్టి ప్రాడా మాట్లాడక తప్పలేదు. మన మాదిగలు కుట్టిన కిర్రు చెప్పులకు, మోట తొండాలకు, డప్పులకు అలాంటి పత్రం ఏదీ? మాచర్ల పక్కన దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకోగలిగిన జిల్లా మనది. లిడ్‌క్యాప్ పేరుతో మనకూ తోలు పరిశ్రమల సంస్థ ఉంది. తోలు పనికి మాత్రం దారి ఎందుకు దొరకలేదో దాన్ని నడిపేవాళ్లు చెప్పాలి.

పేరు ఎలా నిలుస్తుందో పల్నాడుకు ఎవరూ నేర్పక్కర్లేదు. పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడితో పాటు మాల కన్నమదాసు పేరు కూడా ఇవాళ్టికీ వినిపిస్తుంది. ఆ కథను తరతరాలుగా పాడుతున్న వీరవిద్యావంతులు మాలలే. తమ వీరుడి పేరును వాళ్లే కాపాడుకున్నారు. బట్ట విషయంలోనూ మనం చేయాల్సింది అదే.

ప్రభుత్వం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏటా ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం నాడు ఇచ్చే గౌరవాల్లో బృంద పురస్కారం ఉండాలి. నేసినవారితో పాటు ఆసు పోసినవారు, రంగు అద్దినవారు, కండెలు చుట్టినవారి పేర్లూ ప్రశంసాపత్రంలో రావాలి. డబ్బు వాళ్లందరికీ పంచాలి. ఇది జరగని పని కాదు. తల్లి ఆసు కష్టం చూడలేక యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మగ్గం ముందరి పనికీ విలువ ఉందని అప్పుడే ఒప్పుకున్నట్టు. డిజైనర్ అవార్డుకు దరఖాస్తు చేసేవారు ఎవరితో పని చేయించారో, ఎంత కూలి ఇచ్చారో రాసిచ్చాకే పోటీకి తీసుకోవాలి. ఎస్సీ కార్పొరేషన్, లిడ్‌క్యాప్ కలిసి జిల్లాలో మిగిలిన దళిత నేతగాళ్లు, తోలు పనివాళ్ల వివరాలు సేకరించాలి.

విద్యార్థులు చేయగల పని ఇంకొకటి ఉంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల కాలేజీల్లో చదివే మన పిల్లలు సెలవుల్లో వాడకు వెళ్లినప్పుడు ముసలివాళ్లను అడగాలి. ఎవరింట్లో మగ్గం ఉండేది, ఎవరు ఏ చెప్పు కుట్టేవారు, ఆ పని ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని. ఫోనులో రికార్డు చేసి ఊరు, తేదీ రాసి పెట్టాలి. భౌగోళిక గుర్తింపు అడిగినా, జాబితాలో చోటు అడిగినా రేపు ఆధారం అదే అవుతుంది.

పత్తి తీసే అమ్మలకు మాత్రం శాలువా కప్పి సరిపెట్టే రోజు రాకూడదు. మద్దతు ధర రైతుకు చేరుతుందా లేదా అని ఏటా చర్చ జరుగుతుంది. తీత కూలి గురించి ఎవరూ మాట్లాడరు. కాటా మీద కిలోకు ఎంత ఇస్తున్నారు, కనీస వేతనంతో పోలిస్తే ఎంత తక్కువ అన్నది ఈ సీజన్‌లోనే ప్రతి కాలనీలో లెక్క తీసి కార్మిక శాఖ ముందు పెడదాం.