స్కాన్ గురించి అడిగారు సరే, నర్సు గురించి?

తెల్లాపూర్‌కు ఒకపక్క ఔటర్ రింగ్ రోడ్డు. కాస్త ముందుకెళితే పటాన్‌చెరు ఫ్యాక్టరీలు, ముంబయి హైవే. రాత్రి షిఫ్టు ముగించుకుని బైకుపై బయల్దేరినవారిలో ఎవరో ఒకరు తలకు దెబ్బతో మా దగ్గరికి వస్తూనే ఉంటారు. వెంట వచ్చినవారు అడిగేది ‘సీటీ స్కాన్ తీశారా? న్యూరోసర్జన్ ఉన్నారా?’ అనే. అడగాల్సినవే. కానీ ‘రాత్రంతా ఎంతమందికి ఒక నర్సు ఉంటారు?’ అని అడిగినవారిని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ఓసారి తెల్లాపూర్ కుర్రాడొకరు చేరాడు. మొదటి స్కాన్‌లో చిన్న గాయమే. మాట్లాడుతున్నాడు కూడా. తెల్లవారుజామున ‘ఇప్పుడే నిద్రపట్టింది, లేపకమ్మా’ అంది తల్లి. సిస్టర్ వినలేదు. పేరు పెట్టి పిలిచింది, కళ్లు తెరవలేదు. టార్చి వేస్తే ఒక కంటిపాప పెద్దదై ఉంది. వెంటనే రెండో స్కాన్, ఆపై ఆపరేషన్. ఇవాళ అతను తన కాళ్లమీద నడిచి చెకప్‌కు వస్తున్నాడు.

దెబ్బ తగిలిన క్షణంలో మెదడుకైన గాయాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. తర్వాత వచ్చే వాపు, రక్తపు గడ్డ, ఆక్సిజన్ తగ్గడం... మనం పోరాడగలిగేది వీటితోనే. పుర్రె గట్టి ఎముక, లోపల చోటు పెరగదు. అందుకే గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ 1974లో కోమా స్కేల్ ఇచ్చారు. కళ్లు తెరవడం, మాట, కదలిక, మూడింటికీ కలిపి 15 మార్కులు. 8, అంతకన్నా తక్కువైతే తీవ్రమైన గాయం. ఈ మార్కులు వేయడానికి యంత్రం లేదు, నర్సే వేయాలి. తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తడం, మెడ వాలిపోకుండా చూడడం, గొంతులో కఫం తీయడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం కూడా ఆమె పనే.

ఐసీయూలో మంచానికో నర్సు ఉండాలి. వార్డంతా ఒక్కరే చూస్తుంటే ఆ కంటిపాపను గమనించేదెవరు? సర్కారు దవాఖానాలో నర్సు పోస్టులు నింపమని అడగండి. లక్షల బిల్లు కట్టే కార్పొరేట్ ఆసుపత్రిలోనూ ఇదే ప్రశ్న వేయండి.

మీ వంతూ ఉంది. మగతలో ఉన్నవారి నోట్లో కొబ్బరినీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంటికి పంపాక తలనొప్పి పెరిగినా, వాంతులైనా, పిలిస్తే పలక్కపోయినా వెంటనే తీసుకురండి. అన్నిటికన్నా ముందు, అర్ధరాత్రి మీవాళ్లను నిద్రలేపే సిస్టర్‌ను విసుక్కోకండి. ఆమె లేపుతున్నది నిద్రను కాదు, ప్రాణాన్ని.