కాలనీలో కోళ్లు ఉండొద్దా?



‘కాలనీల్లో కోళ్ల పెంపకం తగదు’ అన్న గత వారం లేఖకు ఇది జవాబు. మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు పోయాక 2021లో మేము గజ్వేల్ దగ్గరి ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీకి వచ్చాం. కోళ్లు మేయడానికి పాత ఊరి పెంటకుప్పలు ఇక్కడ లేవు. పక్కింటి గచ్చు మీద రెట్ట పడితే తగవే, నిజమే. అందుకే ఇంటి వెనక జాలీ కట్టి, కింద వరిపొట్టు పరిచాం. తడిసిన పొట్టు ఎప్పటికప్పుడు తీసేస్తే వాసన రాదు.

రోగాల భయం అన్నారు. కొక్కెర తెగులు టీకా సీసా ఒక్కటి తెస్తే వంద కోళ్లకైనా సరిపోతుంది. కలిపాక మాత్రం గంటల్లో వాడెయ్యాలి. దగ్గర దగ్గర ఇళ్లు కాబట్టి పదిళ్లవాళ్లం కూడితే ఒక్క పొద్దులో అయిపోతుంది.

ఇక ఏ కోళ్లు పెంచాలంటే, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ రకం కోడి ఏడాదికి దాదాపు 200 గుడ్లు పెడుతుంది. నాటుకోడి అందులో సగం కూడా పెట్టదు. కానీ గ్రామప్రియ పొదగదు, పిల్లలు కావాలంటే నాటుపెట్టే దిక్కు.

పొలం పోయిన ఇంట్లో గుడ్ల పైసలే ఆడవాళ్ల సొంత సొమ్ము. కూతతో నిద్ర చెడుతుందంటే పుంజులను తగ్గిద్దాం, తినే గుడ్లకు పుంజు అక్కర్లేదు. కోళ్లనే వద్దనడం న్యాయం కాదు.

– ఒక పాఠకురాలు, ముట్రాజ్‌పల్లి, సిద్దిపేట జిల్లా