మోకాళ్ళ నొప్పి అని చెప్పుకునే భయం

వేసవి దగ్గర పడిందంటే మన ఇళ్ళలో ఫోన్ సంభాషణలు ఒకే తీరుగా సాగుతాయి. "టికెట్లు తీసెయ్యమంటారా నాన్నా?" అని ఇటు నుంచి. "మోకాళ్ళు పట్టేస్తున్నాయిరా, ఈ ఏటికి వద్దులే" అని అటు నుంచి. మామిడి తోట కాపుకొచ్చిందనీ, కింద వాటాలో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తున్నారనీ, అమ్మకి బీపీ అనీ ఏడాదికో కారణం. అన్నీ అబద్ధాలని కాదు. కానీ అవే మోకాళ్ళతో మొన్ననే తిరుమల మెట్లెక్కిన మనిషి, ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ పెట్టిస్తామన్నా కదలడం లేదంటే అసలు సంగతి మోకాళ్ళలో లేదేమో చూడాలి. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి, అది రాగానే మొక్కు ప్రకారం 108 పూర్తి చేసినవాళ్ళు కూడా టికెట్ మాటెత్తేసరికి వెనక్కి తగ్గుతారు.

విమానమంటే భయమని నోరు విప్పి చెప్పడం మనకి అలవాటు లేదు. పెద్దవాళ్ళకి చిన్నతనం. ఇక్కడ అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళకి మరీ నామోషీ. పాస్‌పోర్టు నిండా ముద్రలున్న ఇంజినీరు ఆ మాట ఎలా అంటాడు? అందుకే న్యూజెర్సీలో పెళ్ళికి డల్లాస్ నుంచి పిల్లల్ని వేసుకుని రెండు రోజులు కారు నడుపుతాడు. దారిలో ఊళ్ళు చూడొచ్చు కదండీ అంటాడు. పక్క సీట్లో భార్య కిటికీలోంచి బయటికి చూస్తుంటుంది, ఆవిడకి తెలుసు.

వెక్కిరించే ముందు ఈ భయం ఎక్కడ పుట్టిందో చూద్దాం. తెలుగువాళ్ళకి దీని వెనక సొంత చరిత్రే ఉంది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి కైకలూరు దగ్గర పోయారు. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన సినీ నటి సౌందర్య బెంగళూరు దాటకుండానే పోయింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణం నల్లమలలో ఆగిపోయింది. ఆచూకీ తెలిసేదాకా ఊళ్ళకి ఊళ్ళే టీవీల ముందు కూర్చున్నాయి. మన అమ్మానాన్నల తరానికి ఈ మూడూ ఇంట్లో జరిగినంత దగ్గర. కూలినవాటిలో రెండు హెలికాప్టర్లు, సౌందర్య ఎక్కినది ఒంటి ఇంజను సెస్నా. వేళకి బయల్దేరే పెద్ద విమానం ఒక్కటీ లేదు. ఒక ఇంజను ఆగినా రెండోదానితో దిగగలిగేలా కట్టినవి, ఇద్దరు పైలట్లు లేనిదే కదలనివి, ముఖ్యమైన ప్రతి ఏర్పాటుకీ మారు ఏర్పాటు ఉన్నవి పెద్ద విమానాలు. మనసు ఈ తేడాలు పట్టించుకోదు. పైకి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదన్న ఒక్క ముక్కే గుర్తు పెట్టుకుంటుంది.

ఆ పైన అహ్మదాబాద్. 2025 జూన్ 12న లండన్ బయల్దేరి కూలిపోయినది పెద్ద విమానమే, మనలాంటి కుటుంబాలు ఎక్కేదే. లోపలున్న 242 మందిలో బతికింది ఒక్కరు. ఆ వారం ఇండియా నుంచి వచ్చిన ఫోన్లకి "ఏం కాదులే" అని జవాబు చెప్పడానికి ఎవరికి మాత్రం నోరొచ్చింది?

లెక్కలు లేకపోలేదు. ప్రపంచమంతటా విమాన ప్రయాణాల మీద ఎంఐటీ ఆచార్యుడు ఆర్నాల్డ్ బార్నెట్ బృందం వేసిన లెక్క ప్రకారం 2018-22 మధ్య ప్రయాణికులు విమానం ఎక్కిన ప్రతి 1 కోటీ 37 లక్షల సార్లకి ఒక మరణం. 1968-77 మధ్య అది ప్రతి మూడున్నర లక్షలకి ఒకటి. కానీ భయపడేవాడికి ఈ అంకె చదివి వినిపిస్తే, "ఆ ఒక్కడూ నేనే అయితే?" అంటాడు. అతని గోడు అతనిది. ఆ భయంతో మనం ఎంచుకునే దారిని గురించి మాత్రం లెక్క తప్పకుండా అడగాలి. 2001 సెప్టెంబరు 11 తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానుకుని కార్లెక్కారు. ఆ తర్వాతి పన్నెండు నెలల్లో అందువల్ల సుమారు 1,500 మంది అదనంగా రోడ్డు ప్రమాదాల్లో పోయారని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ అంచనా. రెండు రోజులు నిద్ర ఆపుకుంటూ కారు నడిపే మన ఇంజినీరుకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

నిజానికి చాలామందిని భయపెట్టేది చావు కంటే ముందు చప్పుళ్ళు. టేకాఫ్ అయిన కాసేపటికి ఇంజన్ల హోరు ఉన్నట్టుండి తగ్గుతుంది, కడుపులో ఏదో జారినట్టవుతుంది, పైప్రాణాలు పైనే పోతాయి. ఇంజను ఆగలేదు. నేల వదలడానికి కావలసినంత బలం ఇక అక్కర్లేదు కనక తగ్గిస్తారు, అంతే. కాళ్ళ కింద ధబ్‌మన్నది చక్రాలు లోపలికి ముడుచుకున్న చప్పుడు. రెక్కల దగ్గర కీచుమనే మోత వాటి వెనక పలకలు లోపలికి వెళ్తున్నప్పటిది. టింగుమనే గంట చాలాసార్లు సిబ్బంది తమలో తాము పిలుచుకునేది. కిటికీలోంచి చూస్తే రెక్క కొస ఊగుతూ కనిపిస్తుంది. ఊగాలి కూడా. బోయింగ్ 787ని 2010లో పరీక్షించినప్పుడు రెక్కల్ని సుమారు 25 అడుగులు పైకి వంచి చూశారు, విరగలేదు. రెండు ఇంజన్లూ ఆగినా విమానం రాయిలా పడిపోదు. 2001 ఆగస్టులో టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న విమానానికి అట్లాంటిక్ మీద ఇంధనమంతా కారిపోతే, అది దాదాపు ఇరవై నిమిషాలు గాలిలో జారుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. 306 మందీ బతికారు.

కుదుపుల సంగతి కాస్త వేరు, వాటిని కొట్టిపారెయ్యకూడదు. వంద అడుగులు పడిపోయినట్టు అనిపించిన కుదుపులో విమానం నిజంగా దిగేది మామూలుగా కొద్ది అడుగులే; పల్లెవెలుగు బస్సులో వెనక సీటు ప్రయాణం చేసినవాళ్ళకి ఇంతకంటే ఎక్కువే అలవాటు. అయితే 2024 మే నెలలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీద తీవ్రంగా కుదిపేసినప్పుడు ఒకాయన చనిపోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. విమానం మాత్రం బ్యాంకాక్‌లో క్షేమంగా దిగింది. బెల్టు లేనివాళ్ళు ఎగిరి పైకప్పుకి కొట్టుకున్నారు. అందుచేత సీటు బెల్టు దీపం ఆరినా, నిద్రపోతున్నా, అమ్మ నడుముకి బెల్టు ఉండాల్సిందే. దుప్పటి మీద కనపడేలా పెట్టుకుంటే ఎయిర్‌హోస్టెస్ వచ్చి లేపదు.

మరి మాత్ర వేసుకుంటే? చాలామంది అడిగేది ఇదే. 1997లో విల్‌హెల్మ్, రోత్ అనే పరిశోధకులు విమానమంటే బెదిరే 28 మంది ఆడవాళ్ళని ఎంచుకుని, సగం మందికి అల్‌ప్రజోలం, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి విమానమెక్కించారు. ఆ రోజు మందు వేసుకున్నవాళ్ళకే భయం తక్కువ. వారం తర్వాత మాత్రల్లేకుండా ఎక్కిస్తే అదే జట్టు ఎక్కువ బెంబేలెత్తిపోయింది. మత్తులో చేసిన ప్రయాణం మనసుకి ఏమీ నేర్పలేదన్నమాట. డాక్టరు ఇస్తే వేసుకోవచ్చు గానీ, పక్కింటాయన ఇచ్చిన మాత్ర, దాని మీద విమానంలో ఇచ్చే విస్కీ మాత్రం ససేమిరా వద్దు.

పనిచేసేది కొద్దికొద్దిగా అలవాటు చెయ్యడమే. జోసెఫ్ వోల్పీ అనే వైద్యుడు 1958లోనే ఈ పద్ధతిని పుస్తకంగా రాశాడు. ఇప్పుడు కళ్ళకి వర్చువల్ రియాలిటీ పెట్టె తగిలించి కూడా చేస్తున్నారు. మన ఇళ్ళకి అంత హంగామా అక్కర్లేదు. జీవితంలో మొదటిసారి విమానమెక్కే మనిషిని ఏకంగా అమెరికాకి ఎక్కించడం మనం చేస్తున్న మోటు పని. హైదరాబాద్ నుంచి తిరుపతికో విశాఖకో గంటసేపు ప్రయాణం ముందు పెట్టండి, వెంకన్న దర్శనమూ అవుతుంది. ముహూర్తం, వర్జ్యం చూసుకుంటామంటే చూసుకోనివ్వండి, పోయేదేమీ లేదు. నడవ పక్క సీటు, రెక్కలకి దగ్గరగా, తీసుకోండి. అక్కడ ఊపు తక్కువ. గుండె దడ, చేతుల్లో తిమ్మిరి మొదలైతే అది గబగబా ఊపిరి తీసుకోవడం వల్ల కావచ్చనీ, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటే కాసేపటికి తగ్గుతుందనీ ముందే చెప్పి ఉంచండి. గుండె జబ్బున్నవాళ్ళయితే బయల్దేరకముందే డాక్టర్ని అడగాలి.

ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళకి తోడు చూసిపెట్టే పని మన సంఘం చాలాకాలంగా చేస్తోంది. ఆ ఫారంలో వీల్‌చెయిర్ కావాలా, శాకాహారమా, దోహా మీదుగానా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా అని అన్నీ అడుగుతాం. ఈ సంచిక నుంచి "విమానమంటే భయం ఉందా?" అన్న గడి ఒకటి చేరుస్తున్నాం. అవును అని రాసినవాళ్ళకి, పక్క సీట్లో కూర్చుని ఆ చప్పుళ్ళేమిటో తెలుగులో చెప్పగలిగే తోడుని వెతుకుతాం. డల్లాస్ నుంచి పెళ్ళికి బయల్దేరే ఇంజినీర్లు కూడా నింపొచ్చు, పేర్లు బయటపెట్టం. ఫారం చివరి పేజీలో ఉంది. ప్రయాణానికి మూడు వారాల ముందు అందితే మాకు వెసులుబాటు.

– సంపాదకులు